చావింట్లో నవ్వు: నెల్లూరులో ఆరు ఆదివారాల డార్క్ కామెడీలు, ఏ వరస, ఏ జాగ్రత్తలు?

పెన్నాతీరం

నెల్లూరులో వంద కుర్చీల హాల్లో, ఆరు ఆదివారాలు, సాయంత్రం ఆరింటికి ప్రపంచ సినిమాలోంచి డార్క్ కామెడీలు, నవ్విస్తూనే గుండె పిండే సినిమాలు వేయాలని అనుకుంటున్నాం. డిగ్రీ పిల్లలు, రిటైరైన మేస్టర్లు, కుటుంబాలతో వచ్చేవాళ్లు, అందరూ ఉంటారు. సబ్‌టైటిళ్లు చదువుతూ సినిమా చూసే అలవాటు చాలామందికి లేదు. అందుకే తెలుగులో పెట్టాలని ఆలోచన.

ముందుగా రాసుకున్న జాబితా: ద లాబ్‌స్టర్ (2015), పారసైట్ (2019), ఫోర్స్ మజూర్ (2014), వైల్డ్ టేల్స్ (2014), టోనీ ఎర్డ్‌మన్ (2016), ఫాలెన్ లీవ్స్ (2023). ఈ వరసలోనే వేయొచ్చా? ఏదైనా తీసేయాలా? ప్రొజెక్టరు 3,000 ల్యూమెన్లది, తెర 12 అడుగుల వెడల్పు, స్పీకర్లు రెండు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కావలి_ప్యాసింజర్

అన్నా, మొదటి వారమే లాబ్‌స్టర్ పెట్టబాకండి. గొప్ప సినిమానే, 2015లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రైజు తెచ్చుకుంది. కానీ అందులో మనుషులంతా ఫారం నింపుతున్నట్టు ఒకే గొంతుతో మాట్లాడతారు. జోడీ లేనివాళ్లను ఒక హోటల్లో పెడతారు, 45 రోజుల్లో జోడీ దొరక్కపోతే జంతువుగా మార్చేస్తారు. దీన్ని నవ్వుతూ చూడాలా, భయపడుతూ చూడాలా అనేది సినిమా ఎక్కడా చెప్పదు.

మన దగ్గర కామెడీ వస్తోందంటే ముందే తెలిసిపోతుంది. కమెడియన్ అడుగు పెడతాడు, వెనక సంగీతం మారుతుంది, హాలంతా సర్దుకుని కూర్చుంటుంది. ఈ సినిమాల్లో ఆ సైగలేవీ ఉండవు. పక్కవాడు నవ్వితే తప్ప మనకు నవ్వే ధైర్యం రాదు, పక్కవాడేమో మన కోసం చూస్తుంటాడు. అట్ట వంద మంది రెండు గంటలు బిగుసుకుని కూర్చుంటే రెండో వారానికి ముప్పై మంది మిగులుతారు.

మొదటిది తెలిసిన లోకంలోంచి ఉండాలి. నా ఓటు తిథికి (2015). రామ్ రెడ్డి తీసిన కన్నడ సినిమా, మండ్య జిల్లా పల్లె. 101 ఏళ్ల సెంచరీ గౌడ వీధిలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను తిట్టి, లేచి నాలుగడుగులు వేసి పోతాడు. అక్కణ్నుంచి పదకొండో రోజు తిథి, అంటే పెద్దకర్మ దాకా కథ. కొడుకు గడ్డప్పకు తండ్రి పోయాడన్న పట్టింపే లేదు, పొలాల వెంట తిరుగుతుంటాడు. మనవడు తమ్మన్నకు భూమి అమ్మకం తొందర, అందుకోసం బతికున్న గడ్డప్ప చచ్చిపోయినట్టు కాగితాలు పుట్టించే పనిలో పడతాడు. మునిమనవడు అభి గొర్రెలు కాసేవాళ్ల పిల్ల వెంట పడతాడు. నటించినవాళ్లు దాదాపు అందరూ ఆ ఊళ్ల మనుషులే. లొకార్నో చిత్రోత్సవంలో రెండు బహుమతులు వచ్చాయి.

పెద్దకర్మ భోజనాల దగ్గర జరిగే గొడవలు తెలియనివాళ్లు మన జిల్లాలో ఎవరుంటారు? ఎక్కడ నవ్వాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కసారి చావు మీద నవ్వేస్తే, తర్వాత ఐదు వారాలూ ఆ హాలు మీ చేతిలో ఉంటుంది.

మైపాడు_అల

తిథికి నేనూ సరే. కానీ ఈ.మ.యౌ (2018) కూడా ఆలోచించండి. లిజో జోస్ పెల్లిస్సేరి మలయాళ సినిమా, చెల్లానం తీరంలో లాటిన్ క్రైస్తవ కుటుంబం. నాన్న చనిపోతే ఊరు అదిరిపోయేట్టు సాగనంపుతానని కొడుకు ఈషి మాటిస్తాడు. ఆ రాత్రే నాన్న పోతాడు. ఇంకక్కడి నుంచి శవపేటిక, బ్యాండు, చర్చి ఫాదరు, వాన, ఒక్కోటీ ఎదురు తిరుగుతుంది. మన పట్టపుపాలేల మనుషులకు ఆ సముద్రం, ఆ వాన, ఆ అప్పులు ఎత్తుకుని చెప్పనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం, చివరి అరగంటలో నవ్వు మిగలదు. అందుకే మొదటి వారానికి కాకుండా నాలుగో వారానికి.

ఇంకో సంగతి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఏడుపు కథలో నవ్వు కొత్త కాదు. రామాయణం నడుస్తుండగానే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి నవ్వించిపోతారు. తేడా ఏందంటే అక్కడ నవ్వించే బొమ్మ వేరు, ఏడ్చే బొమ్మ వేరు. ఈ సినిమాల్లో రెండూ ఒకే మనిషి మీద పడతాయి. ఈషి ఏడుస్తున్నందుకే మనకు నవ్వొస్తుంది, నవ్వొచ్చినందుకే వాడి మీద జాలి పెరుగుతుంది. ప్రదర్శనకు ముందు రెండు నిమిషాలు మాట్లాడేవాళ్లు ఈ ఒక్క ముక్క చెబితే చాలు. కథ మాత్రం చెప్పబాకండి.

స్టోన్‌హౌస్‌పేట

వరస సంగతి మీరు తేల్చుకోండి. సబ్‌టైటిల్ సరిగా లేకపోతే ఏ వరసైనా ఒకటే. డార్క్ కామెడీలో నవ్వు చచ్చిపోయేది ఎక్కువగా అక్కడే. తెర మీద మనిషి మాట అనకముందే కింద ఆ మాట చదివేస్తే నవ్వు ముందే వచ్చి ఆరిపోతుంది, తర్వాత ఆయన ముఖం చూడ్డానికి ఎవరికీ ఓపిక ఉండదు. మనం చూడాల్సింది ఆ ముఖాన్నే.

పని ఈ క్రమంలో చేసుకోండి:

ముందు టైమింగ్, తర్వాతే రాత. ఇంగ్లీషు ఫైలులో ఉన్న టైమింగ్‌ను అట్టే వాడుకోబాకండి. ఒక్కో మాట మొదలయ్యే క్షణానికి సబ్‌టైటిల్ మొదలవ్వాలి, కనీసం ఒక సెకను నిలవాలి, ఆరేడు సెకన్లు దాటకూడదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు ఫ్రేములైనా ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే మాట మారిందని కన్ను పట్టుకోదు.

రెండు లైన్లే. లైనుకు 20–22 అక్షరాలు మించకుండా. చదివే అలవాటు లేనివాళ్లు ఉంటారంటున్నారు కాబట్టి సెకనుకు 7–8 అక్షరాల లెక్కన పెట్టుకోండి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్కను నమ్మబాకండి. అది యూనికోడ్ గుర్తుల్ని లెక్కపెడుతుంది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు గుర్తులు. అందుకే తెలుగు ఫైలు తెరిస్తే సగం లైన్లు ఎర్రగా కనిపిస్తాయి. వాటిని చూసి మాటలు నరికేయబాకండి. మనసులో చదువుకుని చూసుకోవడమే సరైన పరీక్ష.

ప్రశ్ననూ జవాబునూ ఒకే సబ్‌టైటిల్లో పెట్టొద్దు. నటుడు మధ్యలో ఆగితే సబ్‌టైటిలూ ఆగాలి. ఫాలెన్ లీవ్స్ తీసిన కౌరిస్మాకి సినిమాల్లో ఒకరు అడిగాక రెండోవాళ్లు చాలాసేపు చూసి ఒక్క ముక్క అంటారు. ఆ ఆలస్యంలోనే ఉంది హాస్యమంతా.

ఆశ్చర్యార్థకాలు తీసేయండి. ముఖంలో ఏ భావమూ లేకుండా మాట్లాడేవాడి కింద ఆ గుర్తు పెడితే సినిమా ఒకటి చెబుతుంది, మీరు ఒకటి చెబుతారు. మీ సొంత జోకులు, సినిమా డైలాగులు కలపబాకండి. భాష తూకం కూడా చూసుకోండి. కౌరిస్మాకి మనుషులు పుస్తకం భాషలో, పూర్తి వాక్యాల్లో మాట్లాడతారు. వాళ్లకు నెల్లూరు యాస తగిలిస్తే చెడిపోతుంది. తిథికి మాత్రం వాడుక మాటే కావాలి, గ్రాంథికం పెడితే ఆ తిట్లన్నీ చప్పబడతాయి.

మొత్తం అయ్యాక సౌండు తీసేసి ఒకసారి చూడండి. కథ అర్థమవుతుంటే రాత బాగున్నట్టే. ఆ తర్వాత సినిమా చూడని మనిషినొకర్ని కూర్చోబెట్టి, తెరను కాకుండా వాళ్ల ముఖాన్ని చూడండి.

పెన్నాతీరం

@స్టోన్‌హౌస్‌పేట, చాలా ఉపయోగం అన్నా. ఒక సందేహం. సబ్‌టైటిల్ మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను వెనకబడితే ఏం చేయాలి? వీఎల్‌సీ ప్లేయర్‌లో జరిపితే ఆ కాసేపు సరిపోతోంది, మళ్లీ తప్పుతోంది.

స్టోన్‌హౌస్‌పేట

అది ఫ్రేమ్ రేటు తేడా. వీఎల్‌సీలో జీ, హెచ్ మీటలు సబ్‌టైటిల్‌ను 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకో వెనక్కో జరుపుతాయి అంతే, సాగదీయలేవు. యూరప్ కాపీలు కొన్ని సెకనుకు 25 ఫ్రేముల మీద ఉంటాయి, మిగతావి 23.976 మీద. అదే సినిమా 23.976లో 100 నిమిషాలుంటే 25లో 95 నిమిషాల 54 సెకన్లే నడుస్తుంది. చివరికొచ్చేసరికి నాలుగు నిమిషాల పైగా తేడా. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే ఆప్షన్ ఉంది, ఒక్క నొక్కుతో మొత్తం ఫైలు సరిపోతుంది. సరిపోయిందో లేదో మొదటి మాటనూ ఆఖరి మాటనూ చూసుకుంటే చాలు. మొదటిది కుదిరి, మధ్యలో ఒకచోట ఒక్కసారిగా తప్పి ఆఖరిదాకా అంతే తేడా ఉంటే మీ కాపీలో అక్కడ ఒక సీను పోయిందని లెక్క.

ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే తెర మీద పెట్టెలు కనిపిస్తాయి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటు మార్చండి. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ దూరం నుంచి బాగా కనిపిస్తుంది. తెల్ల అక్షరం, సన్నటి నల్ల అంచు. పసుపు వద్దు.

ఒంగోలు_రీలు

ప్రొజెక్టరు గురించి నేను చెప్తా.

12 అడుగుల వెడల్పు తెర, 16:9 అయితే ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. మొత్తం 81 చదరపు అడుగులు. చీకటి హాలుకు 3,000 ల్యూమెన్లు ధారాళంగా సరిపోతాయి. వెలుతురు తక్కువై ఎవరి బొమ్మా పాడవదు, కిటికీలోంచి వచ్చే వెలుతురుతో నలుపు బూడిదై పాడవుతుంది. ఆరింటికి మొదలంటే వేసవిలో ఇంకా పొద్దు ఉంటుంది. కిటికీలకు నల్ల గుడ్డ కట్టండి, లేకపోతే ఏడింటికి పెట్టుకోండి. బయటికి దారి చూపే దీపాలు మాత్రం మూయొద్దు.

త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే లెక్క) 1.5 అయితే లెన్సు తెరకు 18 అడుగుల దూరంలో ఉండాలి. ప్రొజెక్టరును తెర మధ్యకు తిన్నగా పెట్టండి. పక్కన టేబుల్ మీద పెట్టి కీస్టోన్‌తో సరిచేస్తే బొమ్మ నలుచదరంగానే కనిపిస్తుంది కానీ అక్షరాల అంచులు మసకబారతాయి. తెలుగు ఒత్తులకు అది పెద్ద దెబ్బ.

సెట్టింగుల్లో వివిడ్, డైనమిక్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి. కదలికను నున్నగా చేసే ఆప్షన్, బొమ్మ అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్ ఆపేయండి. ఫాలెన్ లీవ్స్‌ను టిమో సాల్మినెన్ 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశాడు. ఆ ఎరుపు, ఆ నీలం అసలే గాఢంగా ఉంటాయి. వాటిని ఇంకా పెంచితే ప్రకటనలాగా తయారవుతుంది.

పారసైట్ లాంటి 2.39 (ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పు) సినిమా మీ తెర మీద 5 అడుగుల ఎత్తే వస్తుంది. పైనా కిందా నల్ల పట్టీ మిగులుతుంది. తెర నిండాలని జూమ్ చేయొద్దు, పక్కలు తెగిపోతాయి. ఈ సినిమాల్లో నవ్వు చాలాసార్లు ఫ్రేము మూలల్లో ఉంటుంది. కింది నల్ల పట్టీలో సబ్‌టైటిల్ పెడితే బొమ్మ మీద అక్షరమే పడదు.

ఇక సౌండు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. సినిమా 5.1లో, అంటే ఆరు చానళ్ల సౌండులో ఉంటే మాటలన్నీ మధ్య స్పీకరులో ఉంటాయి. మీకున్నవి రెండే. మధ్య చానల్‌ను ఆ రెండింటిలో కలపమని చెప్పకపోతే వాన, సంగీతం గట్టిగా వస్తాయి, మాటలు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ప్లేయర్‌లో ఆడియో అవుట్‌పుట్ స్టీరియోకు మార్చండి, లేదా ఫైలులో ఉన్న స్టీరియో ట్రాక్ ఎంచుకోండి. లాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు వైరు పెట్టగానే గుయ్‌మని హమ్ వస్తే చార్జరు పీకి చూడండి. పోతే అది ఎర్తింగ్ లూపు, మధ్యలో డీఐ బాక్సు (ఆ హమ్‌ను ఆపే చిన్న పెట్టె) పెడితే సరి.

వాల్యూమ్‌ను ఫోర్స్ మజూర్ వారం ముందుగానే కుదుర్చుకుని ఆ తర్వాత ముట్టుకోవద్దు. ఆ హిమపాతం సీనులో చప్పుడు పెరుగుతుంటే భయపడి తగ్గించేస్తారు, దాని తర్వాత వచ్చే నిశ్శబ్దం పోతుంది. ఫ్యాన్ల చప్పుడు కూడా చూసుకోండి. ఏసీ లేని హాలైతే పాత సీలింగు ఫ్యాన్లు కౌరిస్మాకి సినిమాను మింగేస్తాయి.

కనిగిరి_కుర్రోడు

ఆ హిమపాతం సీను గురించి ఇంకొంచెం చెప్పరా అన్నా? షార్ట్ ఫిలిం రాసుకుంటుండా. అంత పెద్ద సంఘటన జరిగితే నవ్వు ఎట్ట పుడుతుందో అర్థం కావడంలేదు.

కావలి_ప్యాసింజర్

తమ్ముడూ, ఆ సీనుకు కట్స్ లేవు, కెమెరా కదలదు. ఫ్రెంచి ఆల్ప్స్‌లో స్కీయింగ్ రిసార్టు, ఆరుబయట రెస్టారెంటు, ఒక కుటుంబం భోంచేస్తుంటుంది. దూరంగా కొండ మీంచి మంచు జారుతుంది. తండ్రి తోమస్ కంగారేం లేదంటాడు, అంతా అదుపులోనే ఉందంటాడు. మంచు దగ్గరికొస్తుంది. చూసేవాళ్లు ఫోన్లలో తీస్తుంటారు. ఇంకా దగ్గరికొస్తుంది. భార్య ఎబ్బా పిల్లల్ని పట్టుకుంటుంది. తోమస్ ఫోను, చేతి తొడుగులు అందుకుని పరిగెత్తుతాడు. తెరంతా తెల్లబడిపోతుంది, ఏమీ కనపడదు. నెమ్మదిగా విడిపోతుంది. అది హిమపాతం కాదు, దాని పొడి మాత్రమే. ఎవరికీ ఏమీ కాలేదు. తోమస్ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంటాడు.

అసలు సినిమా అప్పుడు మొదలవుతుంది. నువ్వు పారిపోయావని ఆమె అంటుంది, లేదని అతనంటాడు. అదే మాట కొత్తవాళ్ల ముందు మళ్లీ వస్తుంది, స్నేహితుల ముందు మళ్లీ వస్తుంది. సీను ఒకే షాట్‌లో ఉంది కాబట్టి మనందరం సాక్షులం. దగ్గర షాట్లు వేసి కత్తిరించుంటే, దర్శకుడు అట్ట చూపించాడేమోనని మనకే అనుమానం వచ్చేది.

నీకు పనికొచ్చేది ఇదీ. ప్రమాదంలోంచి నవ్వు పుట్టదు. ప్రమాదం తర్వాత మనిషి తన మర్యాద కాపాడుకోవడానికి పడే పాట్లలోంచి పుడుతుంది. నీ కథలో చావు ఉంటే శవం దగ్గర జోకులు రాయబాక. ఫ్రీజర్ బాక్సు అద్దె ఎవరివ్వాలి, పేపర్లో వేసే ఫోటోలో పేర్ల వరస ఎట్ట, అల్లుడి పేరు ముందా కొడుకు పేరు ముందా అన్నది రాయి. అక్కడున్న ప్రతివాడికీ అది నిజంగానే పెద్ద విషయం అయ్యుండాలి. ఎవడూ నవ్వకూడదు.

మైపాడు_అల

దీనికి తోడు రాయ్ ఆండర్సన్‌ది చూడు తమ్ముడూ. ఎ పీజియన్ శాట్ ఆన్ ఎ బ్రాంచ్ (2014), వెనిస్‌లో గోల్డెన్ లయన్. అందులో చావుతో మూడు సమాగమాలని మొదట్లోనే మూడు చిన్న సీన్లు వస్తాయి. ఒకటి ఓడలో క్యాంటీను. ఒకాయన బీరు, రొయ్యల శాండ్‌విచ్చి తీసుకుని డబ్బు కట్టేసి అక్కడే పడి చనిపోయాడు. నేల మీద ఉన్నాడు. చుట్టూ మనుషులు. కౌంటరు దగ్గరామె సమస్య ఏందంటే, డబ్బు కట్టేసిన తిండి ఉంది, మళ్లీ అమ్మకూడదు, ఎవరికన్నా కావాలా అని అడుగుతుంది. కాసేపటికి ఒకాయన బీరు తీసుకుంటానని ముందుకొస్తాడు.

కెమెరా దూరంగా, కదలకుండా ఉంటుంది. శవమూ, కౌంటరూ, బీరూ అన్నీ ఒకే చూపులో. ఎక్కడ చూడాలో ఎంచుకునేది మనమే, అందుకే నవ్వినందుకు కాస్త సిగ్గుపడేదీ మనమే. సెట్లన్నీ స్టాక్‌హోమ్‌లో తన సొంత స్టూడియోలో కట్టించుకుంటాడు, వెనక కనిపించే ఊళ్లు కూడా చాలా మటుకు గీసినవీ నమూనాలే. ముఖాలకు తెల్లటి పూత. షార్ట్ ఫిలింలో అంత ఖర్చు కుదరదు గానీ, కెమెరాను స్టాండు మీద నిలబెట్టి మూడు నిమిషాలు వదిలేయడానికి పైసా కాదు.

మూలపేట_అక్క

టోనీ ఎర్డ్‌మన్‌ను తీసేయమని ఎవరూ అనలేదు, సంతోషం. అది 162 నిమిషాలు. మారెన్ ఆడె సినిమా, 2016లో కాన్‌లో విమర్శకుల బహుమతి. రిటైరైన సంగీతం మేస్టారు, బుఖారెస్టులో కన్సల్టెంటుగా పనిచేసే కూతురు. ఆమె జీవితం ఎండిపోతోందని ఆయనకు తెలుస్తుంది, చెప్పడం చేతకాదు. పెట్టుడు పళ్లు, విగ్గు తగిలించుకుని టోనీ అనే కొత్త మనిషిగా ఆమె ఆఫీసు వాళ్ల మధ్యకు దూరుతాడు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులు మన హాలు నిండా ఉంటారు కదా, వాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది.

ఇంటర్వెల్ తప్పదు. విగ్గుతో తండ్రి మొదటిసారి కూతురి స్నేహితురాళ్ల ముందుకొచ్చిన సీను పూర్తయ్యాక ఆపండి. ఆ సీను మధ్యలో మాత్రం ఆపొద్దు, కూతురు ఆయన్ని ఎవరో తెలియనట్టు భరించే తీరు తెగిపోతుంది. సబ్‌టైటిల్ రాసేవాళ్లకు ఒక సూచన. ఇంట్లో తండ్రిని "నువ్వు" అనే కూతురు, నలుగురిలో టోనీని "మీరు" అంటే మన వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

చివరి భాగంలో పుట్టినరోజు విందు సీనులో నగ్నత్వం ఉంది, చాలాసేపు ఉంది. అది శృంగారం కాదు. ఆ అమ్మాయి పేరుకున్న పెంకులన్నీ ఊడి పడే సీను. అయినా కుటుంబాలతో వచ్చేవాళ్లకు ముందే చెప్పాలి, పోస్టరు మీద పెద్దలకు మాత్రమే అని రాయాలి. ఆ సీనును దాటించి వేసే పనైతే సినిమానే వేయొద్దు. దాని తర్వాత తండ్రి బల్గేరియా కుకేరి వేషంలో, నిలువెత్తు బొచ్చుతో వస్తాడు, కూతురు ఆయన్ని కౌగిలించుకుంటుంది. ముందుది లేకపోతే ఆ కౌగిలికి అర్థమే లేదు.

మిగతావాటికి ఇంటర్వెల్ ఎక్కడంటే, రెండు గంటలలోపు వాటికి అసలు వద్దు. వైల్డ్ టేల్స్ 122 నిమిషాలు, ఆరు వేర్వేరు కథలు. మూడో కథ, రోడ్డు మీద రెండు కార్ల గొడవ అయ్యాక ఆపితే సహజంగా కుదురుతుంది. దాని మొదటి కథ విమానంలో జరుగుతుంది. 2015 మార్చిలో ఆల్ప్స్‌లో జర్మన్‌వింగ్స్ విమానం కూలాక బ్రిటన్‌లో ఈ సినిమా వేసిన హాళ్లు ముందుగా హెచ్చరిక పెట్టాయి. మీరూ ఒక్క వాక్యం చెప్పి మొదలుపెట్టండి. విమాన ప్రమాదాల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఎక్కడైనా ఉంటాయి.

ఆత్మకూరు_బస్టాండు

అనుమతుల మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. ఓటీటీ ఖాతా పెట్టి హాల్లో వేయడం కుదరదు, అది ఇంట్లో చూసుకోవడానికే. ఫ్రీగా వేసినా అంతే.

ప్రతి సినిమాకూ ఇండియా హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కుని రాయాలి. ఉత్తరంలో తేదీ, హాలు, కుర్చీల సంఖ్య, టికెట్టు ఉందా లేదా, ఎన్ని ఆటలు, తెలుగు సబ్‌టైటిల్ మనమే చేస్తున్నామన్న సంగతి, అన్నీ ఉండాలి. సబ్‌టైటిల్ అనువాదానికి కూడా ఒప్పుకోలు కావాలి, అడక్కుండా చేస్తే తర్వాత తలనొప్పి. కాపీ వాళ్లనే పంపమని అడగండి.

1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్టు ఉండాలి. ఫిల్మ్ సొసైటీగా నమోదై సభ్యులకు మాత్రమే వేసే దారి వేరు. దానికి ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాను అడగండి, 1959 నుంచి ఉన్న సంస్థ. జర్మన్ సినిమాకు చెన్నై గోథే ఇన్‌స్టిట్యూట్‌లో, ఫ్రెంచి వాటికి అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో విచారించండి. చెన్నై మనకు మూడు గంటల ప్రయాణమే, ఒకసారి మనిషి వెళ్లి మాట్లాడటం మంచిది. ముందు అనుమతులు, తర్వాత వరస, ఆ తర్వాతే పోస్టర్లు.

ఒంగోలు_రీలు

పారసైట్‌ను తీసేయమంటాను. బాగాలేక కాదు. 2019లో కాన్‌లో పెద్ద బహుమతి పామ్ దోర్, 2020లో ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్లు, ఇప్పటికే చాలామంది చూసేశారు. వానలో కాలింగ్ బెల్ మోగే సీను తెలిసినవాళ్లు పక్కవాళ్లకు చెప్పేస్తారు. ఆ స్థానంలో 12:08 ఈస్ట్ ఆఫ్ బుఖారెస్ట్ (2006) పెట్టండి. రొమేనియా దర్శకుడు పోరుంబోయు మొదటి సినిమా, కాన్‌లో తొలి సినిమాలకిచ్చే కెమెరా దోర్, 89 నిమిషాలే.

1989 డిసెంబరు 22న మధ్యాహ్నం 12:08కి రొమేనియా నియంత చౌసెస్కు పారిపోయాడు. సినిమాలోని చిన్న ఊళ్లో జనం అంతకుముందే చౌక్‌లోకి వచ్చారా, తర్వాత వచ్చారా? ముందు వస్తే విప్లవం జరిగినట్టు, తర్వాత వస్తే లేనట్టు. లోకల్ చానల్లో పదహారేళ్ల తర్వాత దీని మీద చర్చ. తాగుబోతు మేస్టారు, క్రిస్మస్ తాత వేషాలేసే ముసలాయన, మధ్యలో యాంకరు. సినిమా రెండో సగమంతా ఆ స్టూడియోనే. ముసలాయన విసుగొచ్చి కాగితాలు చింపి పడవలు చేస్తుంటాడు. మన లోకల్ కేబుల్ చానళ్లు చూసేవాళ్లకు ఇంకేం వివరించనక్కర్లేదు.

కావలి_ప్యాసింజర్

సరైన మాట. లాబ్‌స్టర్ బదులు ద బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్ (2022) అంటానేమో అనుకున్నా గానీ, తిథి, 12:08 రెండూ వచ్చాక దాన్ని వచ్చే విడతకు ఉంచుదాం. 1923 ఐర్లండ్, స్నేహితుడు ఒకరోజు హఠాత్తుగా మాట్లాడటం మానేస్తాడు. ఇంగ్లీషే అయినా ఆ యాసకు సబ్‌టైటిల్ లేకపోతే ఎవరికీ అందదు. అనదర్ రౌండ్ (2020), నో అదర్ చాయిస్ (2025) కూడా ఆ విడతలోకే. తెలుగులో పరిచయంగా ఏదైనా చెప్పాలంటే ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ (2019) పేరెత్తండి. నెల్లూరు డిటెక్టివ్‌తో నవ్వుతూ మొదలై శవాల దగ్గర ఎట్ట బరువెక్కుతుందో ఊళ్లో చాలామందికి గుర్తుంటుంది.

పెన్నాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు అనుకున్న వరస: తిథి, వైల్డ్ టేల్స్, ఫోర్స్ మజూర్, 12:08, టోనీ ఎర్డ్‌మన్, చివరికి ఫాలెన్ లీవ్స్. ఆఖరిది 81 నిమిషాలే కాబట్టి తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు. పైగా కౌరిస్మాకి తన మనుషుల మీద దయగా ఉంటాడు. రేడియోలో ఉక్రెయిన్ యుద్ధం వార్తలు వస్తూనే ఉంటాయి, ఉద్యోగాలు పోతూనే ఉంటాయి, అయినా అన్సా, హోలప్ప ఒకరినొకరు వెతుక్కుంటారు. ఈ.మ.యౌ, బాన్షీస్ రెండో విడతకు. అనుమతులకు రేపటి నుంచి ఉత్తరాలు మొదలుపెడతాం.

@స్టోన్‌హౌస్‌పేట, 12:08లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకునే చోట, ఫోన్లు వచ్చే చోట సబ్‌టైటిల్ ఎట్ట పెట్టాలి?

స్టోన్‌హౌస్‌పేట

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే లైనుకొకరు, ముందు చిన్న గీత. ముగ్గురైతే చర్చను నడిపే మాట ఎవరిదో దాన్నే పెట్టండి, మిగతాది అరుపుగా చెవికి వినపడితే చాలు. ఫోన్లో మాట్లాడేవాళ్లు తెర మీద ఉండరు కాబట్టి వాళ్లవి వాలు అక్షరాల్లో పెడతారు. తెలుగులో వాలు అక్షరం దూరానికి సరిగా చదవబడదు. బదులుగా మొదటిసారి "ఫోన్లో:" అని పెట్టి, తర్వాత మామూలుగా రాయండి.

చివర్లో ఒకామె ఫోను చేస్తుంది. విప్లవంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి. గొడవ పెట్టుకోవడానికి కాదు, బయట మంచు పడుతోందని చెప్పడానికి చేస్తుంది. అంతసేపూ నవ్విన హాలు అక్కడ ఆగాలి. ఆమె మాటలకు ఒక్కో లైనే పెట్టండి, రెండు లైన్లు వద్దు. ఒక్కోటీ ఆమె గొంతు ఆగేదాకా నిలపండి, తర్వాతది ముందుగా తేవద్దు. ఆ ఒక్క నిమిషానికి ఎంత టైము పట్టినా పట్టనివ్వండి. మొత్తం ఫైలు అయ్యాక నాకు పంపండి, శనివారం హాల్లోనే ఆ ప్రొజెక్టరు మీదే, ఆఖరి వరస కుర్చీలోంచి చదివి చూద్దాం.